మా ఆయన కుడి మడమ

ఆ కాలంలో మా కొండల మీద రోడ్లు తక్కువ, అనుమానాలు ఎక్కువ. అనంతగిరి మీదుగా అరకు వెళ్లే బస్సులోంచి కొత్త మనిషి ఎవరైనా దిగితే చాలు, వచ్చింది తలలు లెక్కపెట్టడానికా, పిల్లలకు సూదులు పొడవడానికా, మా పోడు భూమి కొలవడానికా అని ఊరంతా తలుపు సందుల్లోంచి చూసేది. నేను రెండో తరగతి దాకా చదివాను కాబట్టి నాకు మిగతావాళ్లకంటే అనుమానం కాస్త ఎక్కువ. అసలు చదువుకోనివాళ్లు ఊరికే భయపడతారు. రెండు తరగతులు చదివినవాళ్లు కారణాలు చెప్పి మరీ భయపడతారు. (నేను చెబుతుంటే రాస్తున్న మనవరాలు నవ్వుతోంది. అది డిగ్రీ చదివింది లెండి, దాని భయాలు ఇంకా పెద్దవి. నవ్వకే, రాయి.)

నాకప్పుడు ఇరవై నిండలేదు. మా ఊరికి అరగంట నడకలో మిషన్ వాళ్ల చిన్న ఆసుపత్రి ఉండేది. అక్కడ నేను ఆయాను. ఊడవడం, తుడవడం, గుడ్డలు ఉడకబెట్టడం, వరస తప్పి ముందుకొచ్చేవాళ్లను కసరడం నా పనులు. ఆ చివరి పని జీతం ఇవ్వకపోయినా చేసేదాన్ని. ఆసుపత్రి నడిపే సిస్టరమ్మది కేరళ. మా దగ్గరకు రాకముందు ఆఫ్రికాలో చాలా ఏళ్లు పనిచేసిందట. ఆవిడ తెలుగు పుస్తకంలో నేర్చుకున్నది, మాది కొండ మీద పుట్టింది. ఆవిడ అడిగింది రోగికి, రోగి చెప్పింది ఆవిడకు అర్థమయ్యేలోపు సగం జ్వరాలు వాటంతటవే తగ్గిపోయేవి.

ఆ ఏడు చలి ఎలాంటిదంటే, తెల్లవారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు. పది నెలల నా కూతురి బుగ్గలు రెండూ ఎండిన మడిలా పగిలాయి. పాలకు నోరు పెట్టగానే బుగ్గ నా ఒంటికి రాసుకుని కెవ్వుమనేది, పాలు వదిలేసేది. ఆకలికి మళ్లీ నోరు పెట్టేది, మళ్లీ కెవ్వుమనేది. సంతలో కొన్న స్నో క్రీము రాశాను, పౌడరు అద్దాను. ఇంకా ఎర్రబడ్డాయి. రెండు వారాల్లో పిల్ల చేతిలో బరువు తగ్గడం నాకే తెలిసిపోయింది.

సిస్టరమ్మ పిల్లను చూసి, బీరువా తెరిచి, ఒక డబ్బాలోంచి పసుపూ తెలుపూ కాని ముద్దను గరిటె కొనతో తీసి, ఖాళీ మాత్రల డబ్బాలో పెట్టి ఇచ్చింది.

"ఇది షియా వెన్న. ఆఫ్రికాలో ఒక చెట్టు. దాని కాయ, కాయలో గింజ, గింజ నుండి ఇది. బేబీకి పలుచగా రాయాలి."

"ఇంకేటికి పనికొస్తాది సిస్టరమ్మా?" అన్నాను.

ఆవిడ సంతోషంగా వేళ్లు మడిచి చెప్పింది. పగిలిన పెదవులకు, మడమలకు, ఎండిన జుట్టుకు, బాలింత కడుపు మీది చారలకు. అక్కడ కొన్ని ఊళ్లలో కూరలో కూడా వేసుకుంటారట.

అంతే, నా మనసు అక్కడే విరిగిపోయింది. ఒంటికీ, తలకీ, కూరకీ పనికొచ్చే వస్తువు ఒకటే ఎలా అవుతుంది? సంతలో గోనెపట్టా పరుచుకుని ఎలుగుబంటి కొవ్వు అమ్మేవాడు కూడా అలాగే చెప్పేవాడు, పంటినొప్పి నుంచి పిల్లలు పుట్టకపోవడం దాకా అన్నిటికీ అదే అని. పైగా వెన్న అంటే ఆవైనా ఉండాలి, గేదైనా ఉండాలి, చెట్టుకు వెన్నేమిటి? ఆఫ్రికా అంటే సింహాలుండే చోటని రెండో తరగతి పుస్తకంలోనే చూశాను. గింజ అని చెప్పి ఏ సింహం కొవ్వో ఇవ్వలేదని నమ్మకం ఏముంది? అంత మంచిదైతే సిస్టరమ్మ చేతులు ఎందుకు అంత గరుగ్గా ఉన్నాయి? (ఉన్న ఒక్క డబ్బా రోగులకు చాలదని ఆవిడ తాను రాసుకోవడం మానేసిందని నాకు తట్టలేదు. అనుమానం ఉన్నచోట అలాంటివి తట్టవు.)

పారేద్దామంటే పిల్ల ఏడుపు. రాద్దామంటే భయం. అప్పుడు సిస్టరమ్మే అందరికీ చెప్పే మాట ఒకటి గుర్తొచ్చింది. ఏ కొత్త మందైనా ముందు ఒంటి మీద ఒక చిన్న చోట రాసి, రెండు మూడు రోజులు చూసి, ఆ తర్వాతే మిగతా చోట్ల రాయాలి. చాలా తెలివైన మాట అనిపించింది. కానీ ఎవరి ఒంటి మీద? పిల్ల ఒంట్లో ఏ చోటైనా పిల్లదే. నా మీద రాసుకుని నాకేమైనా అయితే పాలెవరిస్తారు? మా అత్త దగ్గరకు ఆ డబ్బా తీసుకెళ్తే డబ్బాతో పాటు నేనూ గుమ్మం బయట పడతాను. ఇక ఇంట్లో మిగిలింది మా ఆయన.

మా ఆయనకు అప్పుడు కాఫీ తోటలో పని. వట్టి కాళ్లతో బస్తాలు మోసీ మోసీ ఆయన మడమలు చెట్టు బెరడులా అయిపోయాయి. పగుళ్లలో కొవ్వొత్తి మైనం కరిగించి పోసుకునేవాడు. ఆ మడమకు నిప్పు తగిలినా కబురు తలకు చేరడానికి పావుగంట పట్టేది. మధ్యాహ్నం పని దిగి వచ్చి, జీలుగు కల్లు ఒక దొప్పెడు తాగి, అరుగు మీద ఎండలో కాళ్లు చాపుకుని పడుకునేవాడు. ఇంతకన్నా మంచి చోటు దేశంలో ఎక్కడ దొరుకుతుంది? రోజూ గింజంత ముద్ద తీసి కుడి మడమకు రాశాను. ఎడమది ముట్టలేదు. రెండూ పాడైతే ఇంటికి బస్తా మోసేదెవరు?

రాసి ఊరుకోలేదు, మనిషిని కనిపెట్టాను. మొదటిరోజు బాగానే ఉన్నాడు. రెండోరోజు పాట పాడాడు. మూడోరోజు అడక్కుండానే కట్టెలు కొట్టి తెచ్చాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారి. వెన్న తలకెక్కిందనుకున్నాను. ఇంకొక్కరోజు చూద్దాం, ఇంకొక్కరోజు చూద్దాం అంటూ పదిరోజులు లాగాను. నా పరీక్ష సాగుతున్నన్నాళ్లూ పిల్ల ఏడుస్తూనే ఉంది. ఆ పాపం నాదే.

పదకొండోరోజు పొద్దున్న కాళ్లు కడుక్కుంటూ మా ఆయన గట్టిగా అరిచాడు.

"అమ్మా, ఇలా రాయే! నా కాలు సూడే!"

"ఏటైనాదిరా? ముల్లిరిగిందా?"

"ముల్లు కాదే. మడమ మెత్తబడిపోనాది."

"మెత్తబడితే మంచిదే గదరా."

"రెండూ మెత్తబడితే మంచిదే. ఒక్కటే మెత్తబడినాదే!"

మా అత్త వంగి చూసింది. ఎడమది బెరడు, కుడిది ఆఫీసరు మడమ. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మో! ఇది సిల్లంగేరా. ఇయ్యాల మడమ, రేపు మోకాలు, ఎల్లుండికి నడుం. నా కొడుకు ఉడికిన సిలగడదుంపైపోతాడు!"

చేతబడిని మా వైపు చిల్లంగి అంటారు. ఆ మాట ఇంట్లో పుట్టిందంటే దాని వెనక ఎవరో ఒకరి పేరు పుట్టాలి. మా అత్త చూపు వీధి మీదుగా కింది ఇంటి వైపు వెళ్లింది. అక్కడ ఒంటరి ముసలమ్మ ఒకతె ఉండేది, పనసకాయల దగ్గర తగువొచ్చి మా అత్తకూ ఆమెకూ మాటల్లేవు. అప్పటిదాకా లోపల నవ్వు ఆపుకుంటున్నదాన్ని, ఆ చూపు చూసి నవ్వు మరిచాను, చిల్లంగి పేరు పడిన మనిషిని ఊరు కొట్టి తరిమేస్తుంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోపు మా అత్త దిసారి తాత కోసం పరిగెత్తింది. దిసారి అంటే మా ఊరికి మంచిచెడ్డలూ ముహూర్తాలూ చూసే పెద్దాయన.

తాత వచ్చి, మా ఆయన కాలు ఒళ్లో పెట్టుకుని, గోటితో గీకి, వాసన చూశాడు.

"ఏటి తాతా, గాలా? సిల్లంగా?" అని మా అత్త.

"ఉండవే. గాలీ నేదు, సిల్లంగీ నేదు. నూనె."

"ఏటి నూనె?"

"ఇప్పనూనెకి సుట్టం లాగుంది. ఇప్ప మాత్రం కాదు." తాత రెండో కాలూ చూశాడు. "ఒక్క కాలికే రాసినారేటి? రాసినోలికి నూనె సాల్లేదా?"

ఇక ఆగలేదు నేను. "నానే రాసినాను తాతా."

మా ఆయన కాలు లాక్కున్నాడు. "ఏటే! నాకు మందెట్టీసినావా?"

"మందు కాదయ్యా. మన గుంటకి బుగ్గల మీద రాసేముందు మంచిదో కాదో సూసినాను."

"నా మీదా?"

"మరెవల మీద సూడాల?"

"మేక నేదా ఇంట్లో?"

"మేకకి మడమలు పగలవు కదయ్యా."

దిసారి తాత నవ్వాడు. మా అత్త నవ్వలేదు. "తేయే ఆ డబ్బా," అంది. మూత తీసింది, వాసన చూసింది, చేతి మీద రుద్దింది, నిప్పు దగ్గర కాసేపు పెట్టి కరగనిచ్చింది, మళ్లీ చల్లారనిచ్చింది. ఆవిడ ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. అది కోపంకన్నా ఘోరం.

"ఇది మన ఇప్పనూనె లాటిదే కదేటే! కంపు తక్కువ, అంతే. పురిట్లో నా మనవరాలికి ఇప్పనూనె రాత్తానంటే నువ్వేటన్నావు? కంపు, ఆసుపత్రిలో సిస్టరమ్మ ముక్కు మూసుకుంటాది అన్నావా నేదా?"

అన్నాను. (ఈ సంగతి మీకు ఇంతవరకూ చెప్పలేదు. చెప్పాల్సింది, దాచుకున్నాను.) మా అత్త ప్రతి ఏడూ కింది కొండల్లోంచి ఇప్పగింజలు ఏరి తెచ్చి, దంచి, ఆవిరి పట్టి, రెండు బరువైన చెక్కల మధ్య నొక్కి నూనె తీసేది. కూరకదే, దీపానికదే, తలకదే, ఒంటికదే. చలికి కుండలో నెయ్యిలా పేరుకుని ఉండేది. నేను ఆసుపత్రి ఆయానన్న గొప్పతో పురిటి నాటి నుంచే ఆ కుండ నా పిల్ల దరిదాపులకు రాకూడదని శాసించాను. అన్నిటికీ పనికొచ్చే వస్తువు ఉంటుందా అని సిస్టరమ్మను అనుమానించినదాన్ని, పుట్టినప్పటి నుంచి అలాంటిదే తిని, రాసుకుని, దీపంలో వెలిగించుకుని పెరిగాను. 

మా అత్త పిల్లను లాక్కుంది. "ఎడం బుగ్గ నాది, కుడి బుగ్గ నీది. సూద్దాం."

అప్పటి నుంచి పిల్ల ముఖం రెండు రాజ్యాలైపోయింది. పొద్దునా సాయంత్రం అటు ఇప్పనూనె, ఇటు ఆఫ్రికా వెన్న. ముక్కు దాటి అవతలికి వేలు వెళ్లకూడదు. నేను లేనప్పుడు ఆవిడ నా బుగ్గకు కూడా రాస్తుందేమోనని నాకు, నేను ఆవిడ బుగ్గ తుడిచేస్తానేమోనని ఆవిడకు అనుమానం. ఇద్దరం పిల్లను వదిలి నీళ్లకు కూడా వెళ్లడం మానేశాం. నాలుగోరోజు పిల్ల ఏడవకుండా పాలు తాగింది, రెండు వైపులా. వారానికి రెండు బుగ్గలూ పచ్చి వెదురు చిగురులా నున్నబడ్డాయి.

"నా బుగ్గ ముందు మానినాది," అంది మా అత్త.

"నేదత్తా, నాది."

"నా ఎడంకాలు ఎవలిది?" అని అరుగు మీద నుంచి మా ఆయన. ఎవరూ పట్టించుకోలేదు. ఆయనే పోయి కుండలో వేలు పెట్టుకున్నాడు.

తీర్పు చెప్పమని దిసారి తాతను పిలిచాం. ఆయన పిల్లను చూశాడు, ఆకాశాన్ని చూశాడు. "సలి తగ్గిపోనాది, సూరీడు తిరిగినాడు," అని చక్కా పోయాడు. ఇద్దరం ఓడిపోయాం.

ఈ కథంతా చెబితే సిస్టరమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "ఒక చోట రాయమన్నాను. భర్త మీద రాయమనలేదు!" అంది. ఒకరోజు మా ఇంటికి వచ్చి, మా అత్త చెక్కల మధ్య గింజ నొక్కడం కింద కూర్చుని చూసింది. ఆఫ్రికాలో కూడా ఆడవాళ్లే దంచుతారట, వేయిస్తారట, నీళ్లు పోసి చేత్తో గిలక్కొడతారట. మా అత్త అన్నిటికీ తలూపింది. సిస్టరమ్మ వెళ్లగానే నా చెవిలో, "మన పని సూసి ఆఫ్రికాలో సెప్పీడానికొచ్చినాదేటే? అందుకే ఆవిరి ఎంతసేపు పట్టాలో సెప్పనేదు," అంది.

మా ఆయన మాత్రం ఆ తర్వాత నన్ను పూర్తిగా నమ్మలేదు. పగలు పడుకుంటే, ఎంత ఎండైనా, పాదాలకు దుప్పటి చుట్టుకునే పడుకున్నాడు, పోయేవరకూ. పోయి చాలా ఏళ్లయింది. పెద్దగా దెబ్బలాడుకోలేదు మేం. ఆ దుప్పటే మా దెబ్బలాట.

అప్పుడప్పుడు ఆ ఇరవై నిండని గుంట నా కళ్ల ముందుకొస్తుంది. ఒళ్లో ఏడ్చే పిల్ల, చేతిలో మాత్రల డబ్బా, లోకంలో అందరి మీదా అనుమానం, తన మీద తప్ప. పక్కన కూర్చుని, ఏదో ఒకటి రాసెయ్యవే, పిల్లకేం కాదు, పెరిగి దానికీ ఒక కూతురు పుడుతుంది అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. ఈ ముసలిది ఎవరు, ఊరికే వచ్చి ఇంత మంచి మాట ఎందుకు చెబుతోంది అని నన్ను ఎగాదిగా చూస్తుంది. చూసి, సరేలే అని, ముందు ఆ మాట మా ఆయనకు చెప్పి రెండు మూడు రోజులు కనిపెడుతుంది.