అది జడ గీత కాదు

ఆ రోజు నేను ఇసుకలో పడిన ఒక గీతను తప్పుగా చదివాను. తప్పని కాసేపటికే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. చదవడంలో తప్పు ఎవరికైనా జరుగుతుంది. ఊరుకోవడం మాత్రం నా అంతట నేను చేసిన పని. బడిలో పిల్లల చేత కవాతు చేయిస్తున్నా, ఆదివారం చర్చిలో మోకరించినా, అన్నం ముందు కూర్చున్నా ఆ బరువు నాతోనే ఉండేది. మీరెవరో నాకు తెలియదు. నా ముఖం మీరు చూడరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను నెల్లూరులో ఒక మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుని. యాభైల చివరి సంవత్సరాల మాట ఇది. చుట్టుపక్కల జిల్లాల ఆడపిల్లల కాలేజీలన్నీ కలిసి ఏటా ఒకచోట పరుగులు, దూకుళ్ళు, విసురుళ్ళ పోటీలు పెట్టుకునేవి. ఒక్కొక్క పోటీలో మొదట వచ్చిన పిల్లకు యూనివర్సిటీ జట్టులో చోటు దొరికేది. రికార్డు బద్దలు కొడితే పేరు నల్లబల్ల మీద తెల్లరంగుతో రాసి, మళ్ళీ ఎవరైనా దాటేవరకు చెరిపేవారు కాదు. కాలేజీలో చదివే పిల్ల మైదానంలో పరుగెత్తడమే వింతగా చూసే రోజులు. ఓణీ నడుముకు బిగించి, కింద పైజమా తొడుక్కుని, వాళ్ళు గీత దగ్గరికి వచ్చి నిలబడుతుంటే నాకు ఛాతీ పొంగేది. ఇప్పటికీ పొంగుతుంది. ఇంత తప్పు చేసినవాడికి ఆ హక్కు ఉందా అని అడుగుతారేమో. నన్ను నేనే అడిగాను. అయినా పొంగుతుంది.

ఆ ఏడు పోటీలు మా ఊళ్ళో జరిగాయి. లాంగ్ జంప్ గుంట నా చేతుల మీదుగా తయారైంది. పెన్న ఇసుక పొడిగా, ముతకగా ఉంటుంది. కాలు పడితే చుట్టూ జారిపోయి గుర్తు చెదిరిపోతుంది. అందుకని మైపాడు నుంచి బండ్ల మీద సముద్రపు ఇసుక తోలించాను. ఉప్పుతో చెమ్మ పట్టి ఉండే ఆ సన్న ఇసుక మీద కాకి నడిచినా వేళ్ళు లెక్కపెట్టవచ్చు. అలాంటి గుంట జిల్లాలో ఇంకెక్కడా లేదని నేనే పదిమందికి చెప్పుకున్నాను. గుంట పక్కన నిలబడి గుర్తు చూసి మేకు దించే పని కూడా నాదే. ఆడపిల్లల గుంట దగ్గర మగవాళ్ళు వద్దని పోటీలు జరిపే కాలేజీ ప్రిన్సిపాలమ్మ మొదట పట్టుబట్టింది. నేను నిఖార్సయిన మనిషినని ఎవరో నచ్చజెప్పాక ఒప్పుకుంది. ఆ మాట నాకు కిరీటంలా ఉండింది.

ఇక ఆ పిల్ల సంగతి. అసలు పేరు రాయను. కామాక్షి అనుకోండి. మనుబోలు దగ్గర ఒక పల్లెలో వరి పండించుకునే కుటుంబం. ఇంట్లో మొదట కాలేజీ మెట్లెక్కింది ఆమే. మడవ కాలవలు దూకి దూకి నేర్చిన దూకుడని నవ్వుతూ చెప్పేది. నడుము దాటి వేలాడే జడ. దాన్ని చూసి తోటి పిల్లలు "నీ జడ ముందు పరిగెత్తుతాదా, నువ్వు ముందు పరిగెత్తుతావా మే" అని ఆటపట్టించేవారు. ఆమెకు ముందే వేరే కాలేజీ పిల్ల ఒకతె చాలా దూరం దూకి ఉంది. దాన్ని దాటితేనే కామాక్షికి జట్టులో చోటు. మిగిలింది ఆఖరి దూకుడు ఒక్కటే.

ఆమె పరుగెత్తుకొస్తుంటే నేను వంగాను. అంత వంగనవసరం లేదు. ఎందుకు వంగానంటే ఆ పరుగులోనే తెలిసిపోయింది, ఇలాంటిది మళ్ళీ చూడబోనని. ఎగరవలసిన చోట పాతిన చెక్క మీద పాదం మోగింది. ఆమె లేచింది. గాలిలో ఉన్న ఆ ఘడియలో నేను నా ఉద్యోగాన్నీ ప్రిన్సిపాలమ్మనూ ఒంటి మీద స్పృహనూ మరిచిపోయి, గుంట మీదికి పూర్తిగా ఒరిగిపోయాను. ఆమె రెండు మడమలూ ఇసుకలో దిగి, ముందుకు తూలి, లేచి నడిచి వెళ్ళింది. నేను చూశాను. మడమల గుర్తులకు జానెడు వెనక సన్నని గీత ఒకటి. ఒంట్లో ఏ భాగం తగిలినా, ఎంత వెనక తగిలితే అక్కడినుంచే కొలవాలని నియమం. జడ తగిలిందనుకున్నాను. క్షణం కూడా ఆలోచించకుండా జడ తగిలిందని కేకేసి ఆ గీత మీదే మేకు దించాను. చెక్క దగ్గరి మాస్టరు టేపు లాగి చదివాడు. నాలుగు వేళ్ళు తక్కువ. కామాక్షి రెండో స్థానం.

టేపు పట్టిన మాస్టరు నా వీపు తట్టి, జడ గీతను కూడా వదలలేదే నువ్వు అన్నాడు. మైకులో కూడా అదే చెప్పారు. కూలీ మనిషి గుంట చదును చేశాడు. తర్వాత దూకవలసిన పిల్లను పిలవడానికి, మెడలో తాడుకు వేలాడుతున్న ఈల తీసి నోట్లో పెట్టుకున్నాను.

పళ్ళ కింద ఇసుక కరకరలాడింది. నాలుకకు ఉప్పు తగిలింది.

ఇసుక ఈలలోకి ఎలా వచ్చింది? వేరే దారి లేదు. నేను ఒరిగినప్పుడు తాడు జారి ఈల ఇసుకను గీసింది. నేను మేకు దించింది నా ఈల గీసిన గీత మీద. ఆ పిల్ల జడ ఇసుకను తాకనేలేదు. మడమల గుర్తుల నుంచి కొలిచి ఉంటే ఆమే మొదట. రికార్డు కూడా ఆమెదే.

అప్పటికి తుది ఫలితం ఇంకా చదవలేదు. చెయ్యెత్తి ఆగండి అంటే సరిపోయేది. ఇంకొకసారి దూకనిచ్చేవారు. ఎందుకు అనలేదు? ఎన్నోసార్లు నన్ను నేను నిలదీసుకున్నాను. ఈల ఇసుకకు తగిలేంతగా ఆడపిల్లల గుంట మీదికి ఎందుకు వంగావని అడుగుతారని భయం. అది నిజమే, కానీ సగం నిజం. నా చూపు గురించి మైకులో వచ్చిన మాట ఇంకా చెవిలో తియ్యగా ఉంది. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. ఒక పిల్ల ఏడాది కష్టానికి నేను కట్టిన విలువ అది.

పోటీలయ్యాక ఆమె నా దగ్గరికొచ్చింది. ఏడవలేదు. జడను ముందుకు వేసుకుని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"సార్, అది నా జడేనా? నాకు తగిలినట్టే లేదు."

దేవుడు నాకిచ్చిన రెండో అవకాశం అది. నేను ఆమె ముఖం చూడలేదు.

"జడేనమ్మా. నేను చూసినాను కదా."

"ఇంత పెంచినందుకు నాకు తగిన శాస్తే సార్," అని వెళ్ళిపోయింది.

అప్పటిదాకా నాది మౌనం. ఆ మాటతో అబద్ధమైంది.

వారం తిరక్కముందే ఆమె జడ కోసేసుకుందని తెలిసింది. హాస్టల్లో కత్తెరతో తనే కోసుకుందట. పెళ్ళి కావలసిన పిల్ల మెడ వరకు జుట్టుతో ఊళ్ళో అడుగుపెడితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఆ పల్లె నుంచి మా బడికి వచ్చే పిల్లల మాటల్లో వినేవాడిని. ఎవరికి మొక్కుకున్నావు అని కొందరు, ఇంటాయన ఎప్పుడు పోయినాడు అని కొందరు. వాళ్ళమ్మ నెలల తరబడి ఆ పిల్లతో మాట్లాడలేదని కూడా విన్నాను. విని నా పనికి నేను వెళ్ళాను.

మరుసటి ఏడు కామాక్షి వచ్చింది. మైదానం చుట్టూ నవ్వులు. ఆమె ఎవరినీ పట్టించుకోలేదు. నా చూపుకు వచ్చిన పేరు వల్ల గుంట పక్కన మళ్ళీ నన్నే పెట్టారు. ఈలను జేబులో పెట్టుకున్నాను, చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆమె దూకింది. ఆ దూకుడును ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు గగుర్పొడుస్తుంది. రెండు మడమలు, వాటి వెనక చదునైన ఇసుక. పాత రికార్డు ఎక్కడో వెనక పడిపోయింది. నల్లబల్ల మీద ఆమె పేరు రాస్తుంటే నేను పక్కన నిలబడి చూశాను. ఆ పేరు చాలా ఏళ్ళు అక్కడే ఉంది. మా జిల్లా ఆడపిల్ల అంత దూరం దూకిందని ఎక్కడికి వెళ్ళినా గొప్పగా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ లోపల ఇంకొక మాట లేచేది: ఇది ఆమె రెండో రికార్డు, మొదటిది నువ్వు మింగావు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె కాలేజీలో జూనియర్లందరికీ జుట్టు కొప్పు చుట్టి గుడ్డతో బిగించడం నేర్పింది. డ్రిల్లు సార్ కంటికి జడ కూడా దొరుకుతుందని చెప్పేదట. నా అబద్ధం ఒక కాలేజీకి ఆనవాయితీ అయింది. మా చర్చిలో కొత్త సంవత్సరం సాక్ష్యం చెప్పే వేళ నేను లేచి నిలబడి బీడీలు మానిన సంగతి చెప్పాను, తమ్ముడితో తగువు తీర్చుకున్న సంగతి చెప్పాను. ఇది చెప్పలేదు. అందరూ ఆమెన్ అన్నారు. బీడీల పాపానికి ఎంత తేలికగా ఆమెన్ దొరుకుతుందో అప్పుడు తెలిసింది.

అరవైలు సగం గడిచాక బడిపిల్లల పోటీలకు కామాక్షి మళ్ళీ వచ్చింది. అప్పటికి నాయుడుపేటలో ఒక బడిలో ఆటల టీచరు. తన బడి పిల్లలను నా దగ్గరికి తీసుకొచ్చి నమస్కారం పెట్టించింది. వాళ్ళలో ఒక పిల్లకు జుట్టు అప్పుడే కోసినట్టుంది, మెడ వెనక తెల్లగా కనబడుతోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. జడ ఉంటే ఓడిపోతానని తనే కోసుకుందనీ, రెండు రోజులు ఏడ్చిందనీ కామాక్షి నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేకపోయాను.

తర్వాతి శనివారం బస్సెక్కి నాయుడుపేట వెళ్ళాను. బడి మైదానంలో పిల్లల్ని పంపించేసి ఆమె నా ఎదురుగా నిలబడింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఈల దగ్గర మొదలుపెట్టాను. నోట్లో ఇసుక. ఉప్పు. ఆమె ప్రశ్న. నా జవాబు. ఆమె కదలకుండా వింది.

"ఎంత దూరం సార్, నా మడమలకూ ఆ గీతకూ?"

నేను చెయ్యి చాపి జాన చూపించాను. ఆమె ఆ చేతినే చాలాసేపు చూసింది.

"అయితే ఆ ఏడు కూడా నేనే."

"నువ్వేనమ్మా."

ఆమె తల పైకెత్తింది. నేను ఎదురుచూసిన కోపం కనబడలేదు, క్షమ కూడా కనబడలేదు. ఏదో పోగొట్టుకున్న నగ దొరికినట్టు ముఖం వెలిగింది, వెంటనే బిగుసుకుంది. "నాకు చెప్పి ఏం లాభం సార్. నేను మళ్ళా దూకినాను, గెలిచినాను. ఊళ్ళో మాటలు పడింది మా అమ్మ. పోయి ఆమెకు చెప్పండి," అని పిల్లల వైపు వెళ్ళిపోయింది.

కాలేజీ పోటీల కమిటీ పెద్దకు కూడా చెప్పాను. ఇన్నేళ్ళ తర్వాత ఫలితం మార్చలేమన్నాడు. నాకూ అదే సరి అనిపించింది: అప్పుడు గెలిచిన పిల్ల ఏ తప్పూ చేయలేదు, ఆమె కప్పు ఆమె ఇంట్లోనే ఉండాలి. ఇక నన్ను గుంట దగ్గరికి పిలవవద్దని చెప్పి వచ్చేశాను.

మనుబోలులో బస్సు దిగి ఆ పల్లెకు నడిచి వెళ్ళాను. కామాక్షి అమ్మ వసారాలో చేటతో బియ్యం చెరుగుతోంది. నేనెవరో చెప్పి, అంతా చెప్పాను. చేట ఆగింది. ఆమె పైట సవరించుకుని లేచింది.

"రా నాయనా," అంది.

వీధిలోకి నడిచింది. నేను వెనక నడిచాను. పక్కింటి అరుగు ముందు నిలబడి లోపలి మనిషిని పిలిచి, "మేయ్, నా బిడ్డ ఆ పొద్దే గెలిచిందంట. ఈయన చెప్తాడు విను," అంది. నేను చెప్పాను. ఆ ఇంటి తర్వాత ఎదురిల్లు. ఆ తర్వాత మలుపులో కొట్టు. ఆమెకు ఏ మాట ఏ ఇంట్లో పుట్టిందో బాగా గుర్తుంది. ఒక్కొక్క గడప ముందు నన్ను నిలబెట్టింది. పోను పోను మాట తడబడడం తగ్గింది. ఎవరూ నన్ను తిట్టలేదు, కూర్చోమనీ అనలేదు. కొందరు నన్ను వింతగా చూశారు. ఎక్కువమంది ఆమెను చూశారు. ఆమె మాత్రం ప్రతి ఇంటికీ ఇంకాస్త నిటారుగా నడిచింది.

చివరి ఇంటి దగ్గర అలసిపోయి తొందరగా ముగించాను. ఆమె నన్ను కదలనివ్వలేదు.

"బిడ్డ వచ్చి అడిగితే అబద్ధం చెప్పినావే, అది వదిలేసినావు. అది కూడా చెప్పు."

అది కూడా చెప్పాను.