ముప్పై ప్రశ్నలు, అన్నీ ఆడేవాడికే

కోరుట్ల నుంచి సిరిసిల్ల వెళ్లే బస్సులో, ఫోన్లో జూదమాడేవాళ్ల మీద మా పరిశోధన ప్రశ్నలు తిరగేస్తున్నాను. సాంచలకు, అంటే మరమగ్గాలకు, కండెలు చుడతానన్న పక్కసీటు ఆవిడ అదేంటని అడిగింది. వాళ్ల మెదడులో లోపమేంటో కనుక్కుంటున్నామన్నాను.

ఆమె సంచిలోంచి ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టింది. 'మళ్లీ ఆడండి, మీకోసం ఎదురుచూస్తున్నాం' అని మెరుస్తోంది.

"మా ఇంటాయన దీంతోనే పాణం తీసుకున్నడు. గీ ఆట ఆడిచ్చెటోళ్లు ఇంకా పిలుస్తనే ఉన్నరు. దారం ఊకె తెగుతుంటే మేం సాంచ ఇప్పి సూస్తం సారూ, దారాన్ని తిట్టం!"

నాకు ముందు ఆమె మీదే కోపమొచ్చింది. ఆమె దారిలో దిగాక ముప్పై ప్రశ్నలూ మళ్లీ చదివాను. ఎందుకు మానలేవు, నిద్ర పడుతుందా... ఆడించేవాడి గురించి ఒక్కటీ లేదు.

వాటిని రాసింది నేనే.