రిసాలిలో తేలిన వాలీబాల్ సంతకం

భిలాయ్ చూడాలని సరదా పుట్టి వెళ్ళలేదు, కోపం వచ్చి వెళ్ళాను. అక్కడే ఉండే మా పిన్ని ఒకప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళ వాలీబాల్ జట్టులో ఆడింది. ఫైనల్ గెలిచిన రోజు జట్టంతా సంతకాలు చేసిన బంతిని గాజువాకలో మా క్లబ్బు బీరువాకి ఇచ్చింది. దాంతోపాటు ఇచ్చిన టీం ఫోటో వెనకున్న కెప్టెన్ సంతకంతో పోల్చి చూసిన క్లబ్బు పెద్దమనిషి, "ఇది దొంగది. మీ పిన్నే గీకీసుంటాది" అని బంతి నా చేతిలో పెట్టాడు. నేను ఎనిమిదితో బడి మానేసిన వెల్డర్ని. సంతకాల శాస్త్రం తెలియదు, పిన్ని దొంగ కాదని తెలుసు. ఈ మాట ఆమెతో అనలేక నేరుగా కెప్టెన్ దగ్గరికే బయల్దేరాను.

విశాఖలో సాయంత్రం బండెక్కితే తెల్లారేసరికి రాయపూర్. అక్కడ లోకల్ రైలుకి మారి భిలాయ్ పవర్ హౌస్ స్టేషన్‌లో దిగాను. స్టేషన్ బయట కెప్టెన్ ఉండే రిసాలికి షేర్ ఆటో, మనిషికి ఇరవై రూపాయలు. డ్రైవరుది శ్రీకాకుళమే.

"ఏటి భయ్యా, బంతికి టిక్కెట్టు తీసావా?"

"దీని మీద సంతకం నిజమో కాదో తేల్చాలి."

"అయితే పెట్టినోళ్ళనే అడుగు. నా మొకం సూత్తే ఏటి తెలుస్తాది?"

కెప్టెన్ మార్తా దీదీదీ మా వైపే, రిసాలిలో స్టీల్ ప్లాంటు క్వార్టర్స్‌లో ఉంటుంది. నా గోల వింటూనే బంతిని ఒళ్ళో పెట్టుకుని తిప్పింది. "పేర్లన్నీ తలో దిక్కూ ఉన్నాయి, సూసినావా? గ్రౌండ్‌లో గుండ్రంగా కూకుని, బంతి ఎవలి ముందుకొస్తే ఆలు రాసాం. ఒక్కలే రాస్తే అన్నీ ఒకేపు తిన్నగుంటాయి."

"మరి మీది? కోడి గెలికినట్టుందన్నారు."

"గెలికినట్టే ఉంది. అరవకు బాబూ."

నవ్వుతూ లోపలికెళ్ళి గుడ్డపట్టీ తెచ్చింది. కుడి బొటనవేలికి బిగించి కట్టి, పాత కేలండరు వెనక సంతకం చేసింది. ఎమ్ అక్షరం మధ్యలో విరిగింది, తోక కిందికి జారింది. బంతి మీద అచ్చం అదే. ఫైనల్ మొదట్లోనే ఆ వేలు వాచిందట. పట్టీ కట్టుకుని చివరిదాకా ఆడి, ఆ చేత్తోనే బంతి మీద రాసిందట; ఫోటో వెనకది వేలు మానాక పెట్టిందట.

"ఇప్పుడొక మంచి సంతకం పెట్టండి దీదీ, వాళ్ళ నోళ్ళు మూయిస్తాను" అన్నాను.

బంతి తిరిగిచ్చేసింది. "రెండోది పెడితే, మొదటిది దొంగదని నేనే ఒప్పుకున్నట్టు కాదేటి?"

అక్కడి నుంచి క్యాంప్ 2లో పిన్ని ఇంటికి వెళ్ళి, వేలి సంగతి తప్ప అంతా చెప్పాను. క్లబ్బు అన్న మాటకి ఆమె కోపగించలేదు. "దీదీ ఏలు ఇప్పుడు బాగా వంగుతోందా?" అని అడిగింది. దొంగ సంతకం పెట్టినవాళ్ళు అడిగే ప్రశ్న కాదది. నాకు కావలసిన రుజువు అక్కడే దొరికింది. బంతిని పిన్నికే ఇచ్చి వచ్చాను. క్లబ్బువాళ్ళు చూడాలనుకుంటే రైలు ఉంది.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: చక్కటి సంతకంతో పోల్చి తీర్పు చెప్పకండి. ఆ రోజు ఆ చెయ్యి ఎలా ఉందో ముందు అడగండి.