ధ్రువనౌక పన్నెండో భాగం

ఆ రోజుల్లో మావైపు దేన్నైనా సగంలో ఆపేస్తే ఊరుకునేవారు కారు. పెళ్ళి భోజనంలో సాంబారు దాకా వచ్చి పెరుగు ఆలస్యమైతే మగపెళ్ళివారు చేతులు కడుక్కోకుండా అలాగే కూర్చుండిపోయిన సందర్భం నేనెరుగుదును. అలాంటి మమ్మల్ని ఒక టీవీ చానెలు వారు పదకొండు వారాలు కూర్చోబెట్టి, చెప్పాపెట్టకుండా విస్తరి ముందునుంచి లేపేశారు. అప్పుడు నాకు ఇరవై ఒకటి. ఇప్పుడు ఆ వయసుకి రెట్టింపు దాటాను. కోపం మాత్రం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

ఆ సీరియలు పేరు ‘ధ్రువనౌక’. ఆదివారం పదకొండింటికి వచ్చేది. సముద్రం పొంగి భూమంతా మునిగిపోతే, మిగిలిన ఏడుగురు మనుషులు ఒక ఓడలో కొత్త నేల వెతుక్కుంటూ ఆకాశంలోకి వెళ్ళడం కథ. ఓడకి కెప్టెను ఒక నడివయసు ఆడమనిషి. ఓడ గోడలు అట్టముక్కలనీ, మీటలు సోడాసీసా మూతలనీ ఎవరికైనా తెలిసిపోయేది. (ఒకసారి కెప్టెను ఆనుకుంటే గోడ మొత్తం అటు ఒరిగింది, ఆవిడ చెయ్యి తీయకుండా, మాట తడబడకుండా అలాగే పట్టుకుని సీను పూర్తి చేసింది. నటన అంటే అదీ.) మా అత్తయ్యకి అవేవీ పట్టేవి కావు. మావయ్య మస్కట్‌లో డ్రైవరు. ఇంట్లో తోడుంటానని నన్ను తెచ్చుకుందేగాని, నిజానికి అత్తయ్యకి ఎవరి తోడూ అక్కర్లేదు. కొబ్బరి దింపేవాళ్ళతో బేరమూ, మోటారు రిపేరూ అన్నీ తనే చూసుకునేది. “మిగతా సీరియళ్ళలో ఆడదాన్ని ఏడిపించడానికే పుట్టిస్తారే. ఈవిడ చూడు, ఇన్ని వారాల్లో ఒక్కసారి ముక్కు చీదలేదు” అనేది గర్వంగా, ఆ కెప్టెను తన తోడికోడలైనట్టు.

పదకొండో భాగం చివర ఏమైందో చెప్పాలి. ఓడ చుక్కల మధ్య ఒంటరిగా పోతోంది. చుట్టూ గాలి కూడా లేదు. అప్పుడు బయటినుంచి ఎవరో తలుపు కొట్టారు. మూడుసార్లు. కెప్టెను లేచి వచ్చి గడియ మీద చెయ్యి వేసింది. అంతే, అయిపోయింది. మేము వారమంతా అన్నం సయించక ఎదురు చూశాం. ఆదివారం పదకొండింటికి టీవీ పెడితే ఎవరో ఒకావిడ నవ్వుతూ క్యాబేజీ తరుగుతోంది. ఆ పై ఆదివారం కాకరకాయ. అత్తయ్య నాచేత చానెలు వారికి నాలుగు పేజీల ఉత్తరం రాయించింది. జవాబుగా అచ్చేసిన కార్డు ముక్క వచ్చింది. ‘మీ అభిమానానికి కృతజ్ఞతలు. సదరు కార్యక్రమం ముగిసినది.’

“ముగిసినదా?” అంది అత్తయ్య, కార్డుని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని. “గుమ్మంలో మనిషిని నిలబెట్టి ముగిసినదేంటే? మనింటికెవరైనా వచ్చి తలుపు కొడితే ఇలాగే ఊరుకుంటామా? మంచినీళ్ళైనా ఇవ్వొద్దా?”

ఆ తర్వాత ఆవిడ ఆదివారాలు టీవీ పెట్టడం మానేసింది. పదకొండింటికి వాకిట్లో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చునేది. మస్కట్ ఫోను వచ్చినా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. నాకు ఆవిణ్ణలా చూడటం చేతకాలేదు. నేను అప్పట్లో రోజూ పంటు ఎక్కి గోదావరి దాటి నర్సాపురంలో ఒక లేసుల దుకాణంలో పని చేసేదాన్ని. ఊళ్ళలో ఆడవాళ్ళు అల్లి పంపిన ముక్కల్లో అల్లిక ఎక్కడ తప్పిందో చూడటం నా పని. ఒక శనివారం సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులు విప్పకుండానే అనేశాను: “అత్తయ్యా, నర్సాపురం కేబుల్లో ధ్రువనౌక ఇంకా వస్తోంది. శనివారం సాయంత్రం వేస్తున్నారట. మా షాపు అమ్మగారింట్లో ఇప్పుడే చూసి వచ్చేను.”

“తలుపు తీసిందా?” అంది అత్తయ్య. కుర్చీలోంచి లేచి నిలబడింది.

“తీసింది.”

“ఎవరు?”

(నా అల్లికలో మొదటి ముడి అక్కడ పడింది.) నోటికొచ్చింది చెప్పేశాను. వేరే ఓడ పాడైపోయిన ఒక తల్లీ, చంటిబిడ్డా అన్నాను. “పాపం! మరి కెప్టెనేమంది?” “లోపలికి రండి, భోజనాలయ్యేయా అండీ అని అడిగింది” అన్నాను. అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. “నాకు తెలుసే, ఆవిడ మనవైపు మనిషే” అంది.

సోమవారం నేను పంటు ఎక్కేసరికి వార్త నాకంటే ముందే ఎక్కేసింది. రొయ్యల చెరువు మీద పనికెళ్ళేవాళ్ళు, ఎండుచేపల బుట్టలతో ఆడవాళ్ళు, సైకిళ్ళు పట్టుకున్న కాలేజీ కుర్రాళ్ళు, అందరూ నన్ను చుట్టుముట్టేశారు. పంటు నడిపే సరంగుగారైతే ఇంజను మోతలో తనకి వినపడటం లేదని నన్ను పైకి, తన పక్కకి పిలిపించుకున్నాడు. అప్పటినుంచి ప్రతి సోమవారం ఒక భాగం చెప్పడం నా రెండో ఉద్యోగమైపోయింది. కథ మంచి పట్టులో ఉండగా అవతలి గట్టు దగ్గరపడితే సరంగుగారు ఇంజను తగ్గించేసేవాడు. గట్టు మీద బళ్ళవాళ్ళు హారన్లు కొట్టి చచ్చేవారు. “పోటు మీదుందండీ, నెమ్మదిగా రావాలండీ” అని ఇక్కణ్ణించే అరిచేవాడు. (నది అద్దంలా ఉండేది.)

ఈ వైభవానికి బలైపోయినవాడు మా డిష్ బాబాయి. అంటే మా ఊరి కేబులాయన. “నర్సాపురంలో వచ్చేది మనకెందుకు రాదండీ?” అని ఇంటింటా నిలదీశారు. ఆయన నిజంగానే మంచివాడు. లోపం తన డిష్‌లోనే ఉందనుకుని నాలుగు రోజులు డాబా మీద ఎండలో నిలబడి దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, మెడ నల్లబడేలా మాడిపోయాడు. ఏదో అరబ్బీ వార్తల చానెలు తగిలిందిగాని, ధ్రువనౌక తగల్లేదు.

ఒక శనివారం పొద్దున్న నేను బయల్దేరుతుంటే అత్తయ్య పట్టుచీర కట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంది. “నేనూ వస్తానే. పగలంతా గుళ్ళూ గోపురాలూ చూసుకుని, సాయంత్రం మీ షాపు అమ్మగారింట్లో ఆ పన్నెండూ పదమూడూ ఎన్నో ఆ భాగం నా కళ్ళతో చూస్తాను. ఒక్కసారి ఆ చంటిదాన్ని చూడాలే” అంది. తలనొప్పి అన్నాను, అమ్మగారు ఊళ్ళో లేరన్నాను, ఏదీ పని చెయ్యలేదు. పంటు ఎక్కితే అక్కడ డిష్ బాబాయి. చేతిలో పూతరేకుల పెట్టె. “నర్సాపురం కేబులాయన దగ్గరికండి. ఉత్తి చేతులతో వెళ్ళి అడిగితే బాగోదు కదండీ. ఆ చానెలెక్కడ దొరుకుద్దో కనుక్కుంటే మన ఊరి పరువు నిలబడుద్ది” అన్నాడు ఆశగా.

నడి గోదారిలోకి వచ్చాం. అవతలి గట్టు కనిపిస్తోంది. అక్కడ ధ్రువనౌక లేదు. అక్కడికి పట్టుచీరతో ఒకరూ, పూతరేకులతో ఒకరూ నా మాట నమ్ముకుని వెళ్తున్నారు. అక్కడివాళ్ళు నవ్వుతుంటే అత్తయ్య మొహం ఎలా అయిపోతుందో తలుచుకున్నాను. లేచి నిలబడి, పంటు మీదున్న అందరికీ వినపడేలా చెప్పేశాను. “అదెక్కడా రావట్లేదండీ. ఆగిపోయింది ఆగిపోయినట్టే ఉంది. ఇన్నాళ్ళూ చెప్పిందంతా నేను కల్పించినదే. తప్పయిపోయింది.”

సరంగుగారు ఇంజను ఆపేశాడు. డిష్ బాబాయి పెట్టె ఒళ్ళో పెట్టుకుని, “నాలుగ్రోజులండీ... ఎండలోనండీ...” అన్నాడు నీరసంగా. ఎండుచేపల బుట్ట పక్కనున్న ఒకావిడ బుగ్గలు నొక్కుకుంది. అత్తయ్య నావైపు చూడలేదు. నీళ్ళవైపే చూస్తూ నెమ్మదిగా అడిగింది.

“అయితే ఆ తలుపు తీసింది నువ్వా?”

“ఆయ్. నేనే అత్తయ్యా.”

“చంటిదానికి పాలు పట్టించింది కూడా?”

“నేనే.”

“మంచిపని చేసేవు” అంది అత్తయ్య. “వాళ్ళు తియ్యలేదుగా! ఎవరో ఒకరు తియ్యాలిగా!” తర్వాత పంటంతా కలయజూసి, ఎవరైనా కాదనండి చూద్దాం అన్నట్టు చీర కొంగు బిగించి, “నాతో అబద్ధమాడినందుకు నీ సంగతి ఇంటికెళ్ళాక చూస్తాను. ముందు ఈ వారం ఏమైందో చెప్పు” అంది.

“చెప్పండమ్మాయిగారూ, ఎలాగూ ఇంజనాపేసేను” అన్నాడు సరంగుగారు.

నేను మొదలుపెట్టాను. మునిగిన భూమి మీద ఇంకా ఎవరో బతికున్నారని, వాళ్ళు ఓడకి కబురు పంపారని చెప్తుండగా డిష్ బాబాయి తల అడ్డంగా ఊపాడు. “అలా రాదండి సిగ్నలు. మధ్యలో అంత పెద్ద చందమామ అడ్డుంటే ఎలా వస్తుందండి? పక్కకి తిప్పుకోవాలండి.” అది మొదలు ఆయన నా సాంకేతిక సలహాదారు. పూతరేకుల పెట్టె అక్కడే విప్పేశాడు. ఆ రోజు నేను పనికి గంట ఆలస్యంగా వెళ్ళి చీవాట్లు తిన్నాను. ఇంటికెళ్ళాక అత్తయ్య చెప్పినట్టే నా సంగతి చూసింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు మాత్రం ఆగలేక, కెప్టెనుకి పెళ్ళి మాత్రం చెయ్యొద్దని హెచ్చరించింది.

పెళ్ళయి నేను అమలాపురం వచ్చేసేదాకా ధ్రువనౌక మా పంటు మీద నడిచింది. చానెలు వారు ఆడించిన వారాలకంటే మేము ఆడించిన వారాలే ఎక్కువ. ముగింపు మాత్రం చెప్పలేదు. అత్తయ్య చెప్పనివ్వలేదు. ఇప్పుడు అత్తయ్య లేదు. ఉన్నన్నాళ్ళూ, నేను ఎప్పుడు వెళ్ళినా కాఫీ కూడా ఇవ్వకముందే “ఎక్కడిదాకా వచ్చేరే వాళ్ళు?” అని అడిగేది.

ఈమధ్య ఎవరో పుణ్యాత్ములు ఆ పదకొండు భాగాలూ ఇంటర్నెట్‌లో పెట్టారు. మా అమ్మాయి అట్టగోడలు చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. కింద ఎవరెవరో రాసినవి చదువుకుంటూ కూర్చున్నాను. నాలాంటి పిచ్చివాళ్ళు ఇన్ని ఊళ్ళలో ఉన్నారని ఇన్నేళ్ళకి తెలిసింది. మధ్యలో ఒక కుర్రాడు, ‘అంత బాగుంటే మధ్యలో ఎందుకు ఆగిపోయిందండీ?’ అని రాశాడు. మోకాళ్ళ నొప్పులకి నూనె రాసుకుంటున్న చేత్తోనే, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ జవాబు కొట్టాను. ‘ఆగిపోయిందని మీకెవరు చెప్పారు?’

పంపించేశాక, ఈ వయసులో ముక్కూమొహం తెలియని పిల్లాడితో నీకు తగువేమిటే అని నాకే నవ్వొచ్చింది. వంటింట్లోంచి కూర మాడుతున్న వాసన వస్తోంది. లేవలేదు. ఆ కుర్రాడు మళ్ళీ ఏదో రాస్తున్నాడు.