చదవకుండా దాటేసిన వాక్యం

ఖాకీ బట్ట మీద నీళ్లు చిలకరించి బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఆనిస్తే ఒక వాసన వస్తుంది. తడిసిన మట్టి వాసనకూ మాడిన గంజి వాసనకూ మధ్యలో ఉంటుంది. మచ్చ బొల్లారంలో మా ఇంటి ఎదురుగా బండి మీద ఇస్త్రీ చేసే అతను పొద్దున్నే బడిపిల్లల నిక్కర్లు పరిచాడంటే ఆ వాసన మా గుమ్మం దాకా వస్తుంది. చదువుతున్న పత్రికను ఒళ్లో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంటాను. మేడ్చల్ స్టేషన్ రోడ్డు మీద రేకుల కప్పు కింద రెండు కుట్టుమిషన్లు, వాటిలో ఒకదాని వెనక పంటి కింద బీడీతో దస్తగీర్ ఉస్తాద్, కళ్ల ముందుకు వస్తారు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. లష్కర్ కంటోన్మెంటు నుంచి సిపాయిల దుస్తుల కోసం ఖాకీ తానులు బండ్ల మీద వచ్చేవి. కత్తిరించడం ఉస్తాద్ పని, కుట్టడం మా ఇద్దరి పని. నాకప్పటికి ఇరవై ఆరేళ్లు, పెళ్లయింది. చర్చి బడిలో నాలుగు తరగతులు చదివాను. ఆ తర్వాతి చదువంతా నాకు నేనే చెప్పుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు దుకాణం మూసేవాళ్లం. ఆ పూట నేను రైలెక్కి బొల్లారం వెళ్లి, అక్కడ ఒక చిన్న పఠన మందిరంలో చూపు ఆనినంతసేపు చదివేవాణ్ణి. శనివారం పొద్దున మిషన్‌కు నూనె వేస్తూనే ఉస్తాద్ అడిగేవారు.

"ఆఁ మున్షీ, నిన్న ఏం సదివినవ్? చెప్పు."

గ్రహణాలు ఎందుకు పడతాయో, సముద్రంలో ఉప్పు ఎక్కడిదో, పట్టుపురుగు ఎలా గూడు కడుతుందో కుడుతూనే చెప్పేవాణ్ణి. ఆయనకు ఖురాను చదవడం వచ్చు గాని తెలుగు అక్షరాలు రావు. విన్నదంతా సాయంత్రానికి గిరాకీలకు ఇంకొంచెం పెంచి చెప్పేవారు. "మా దానయ్య ఉత్త దర్జీ కాదు. సగం డాక్టరు, సగం వకీలు. మిగిలిందే దర్జీ" అని నా ముందే అనేవారు. మా నాయిన నా చేతిలో పుస్తకం చూస్తే కండ్లు పోతయని కసిరేవాడు. నా చదువును చూసి గర్వపడిన మొదటి మనిషి ఉస్తాదే. అందుకే ఆ తర్వాత జరిగింది చెప్పడం నాకు ఇంత కష్టం.

మొదట ఉస్తాద్‌కు నడిస్తే పిక్కలు పట్టేసేవి. దుకాణం నుంచి మసీదు ఎంతో దూరం లేదు, దారిలో రెండుచోట్ల ఆగి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నిలబడేవారు. తర్వాత కూర్చున్నా నొప్పి. తర్వాత కుడికాలి రెండో వేలు నీలంగా మారి, చివర నల్లబడింది. హలీమా ఖాలా, అంటే ఉస్తాద్ భార్య, ఏడ్చి పోరుపెడితే లష్కర్‌లో ఒక డాక్టరుకు చూపించుకున్నారు. తిరిగొచ్చి మిషన్ ముందు కూర్చున్నారు గాని పెడల్ మీద కాలు పెట్టలేదు.

"నెత్తురు పాదం దాకా పోతలేదంట. మోకాలి కిందికి కోసెయ్యాలె అంటుండు."

నేను కుట్టు ఆపి ఆ వేలి వైపు చూశాను.

"గీ కాలే గద మిషన్ తొక్కేది! జిందగీ అంత దీన్నే తొక్కిన. దానయ్యా, ఇన్ని కితాబులు సదువుతవు. కొయ్యకుంట నెత్తురు పారేటట్టు చేసే తొవ్వ ఏదన్న ఉన్నదేమో జెర చూడు బేటా."

ఆ శుక్రవారం పఠన మందిరంలో నా అంత గొప్పవాడు లేడు. ఒక మనిషి కాలు నా చదువు మీద ఆధారపడి ఉంది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి దించిన లావుపాటి వైద్య పుస్తకం ఒకటి దొరికింది. ఇంటికి ఇవ్వరు. జేబులో ఉన్న కొలతల చీటీల వెనక అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకున్నాను. కాలును కాసేపు ఎత్తి పెట్టాలి, కాసేపు కిందికి వేలాడేయాలి, కాసేపు సమంగా చాపాలి. ఇలా రోజూ చేస్తే మూసుకుపోయిన దారుల పక్కన నెత్తురు వేరే దారులు వెతుక్కుంటుంది. పాదాన్ని పొడిగా, వెచ్చగా ఉంచాలి. ఆఖరున, మిగతా అక్షరాలకంటే లావుగా అచ్చయిన వాక్యం: పొగాకు పూర్తిగా మానకపోతే పైన చెప్పినవేవీ పనిచేయవు. నేనూ దాన్ని లావుగానే రాసుకున్నాను.

మరునాడు ఉస్తాద్‌కు చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని, పెదవుల మధ్య బీడీతో, పాట వింటున్నట్టు విన్నారు. లావు అక్షరాల దగ్గరికి వచ్చేసరికి నా నాలుక ఆగిపోయింది. మాలో పెద్దల ముందు బీడీ తాగకపోవడం ఒక్కటే కాదు, పెద్దల బీడీని చూడనట్టు ఉండటం కూడా మర్యాదే. పని నేర్పిన ఉస్తాద్‌తో బీడీ మానండి అనడమంటే ఆయన కంచంలోకి తొంగిచూసి ఈ ముద్ద తినొద్దు అన్నట్టే. పైగా రోజుకు రెండుసార్లు గూడ్సు షెడ్డు వెనక్కి వెళ్లి దొంగచాటుగా తాగి వచ్చేవాణ్ణి నేను.

"అంతేనా?" అన్నారు ఉస్తాద్.

"అంతే ఉస్తాద్."

చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

వైద్యం మొదలైంది. పుస్తకం నిమిషాల లెక్క చెప్పింది. దుకాణంలో గడియారం లేదు, దగ్గరలో ఉన్నదొక్కటే, అది స్టేషన్‌లో. నిమిషాలకు బదులు కుట్లు లెక్కపెట్టమని ఉస్తాదే ఉపాయం చెప్పారు. ప్యాంటు లోపలి కుట్టు తొడ మొదలు నుంచి చీలమండ దాకా ఆగకుండా వేస్తే ఇంత సేపు అని నేను ఒకరోజు స్టేషన్ గడియారం కింద నిలబడి చేతులతోనే కుట్టు వేసినట్టు నటించి లెక్క కట్టుకొచ్చాను. పోర్టర్లు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. ఆ లెక్కన రెండు కుట్లయ్యే దాకా కాలు ఖాకీ తానుల మీదికి ఎత్తి పెట్టాలి, మూడు కుట్లయ్యే దాకా బల్ల అంచు నుంచి వేలాడేయాలి, తర్వాత ఐదు కుట్లకు చాపాలి.

"మూడో కుట్టు అయింది ఉస్తాద్, సాపుండ్రి."

"జల్దీ కొట్టినవ్ రా, దొంగ కుట్టు కుట్టినవా?"

గిరాకీలు నవ్వేవారు. గౌస్ అనే బండి తోలే అతను గుమ్మంలో నిలబడి, "ఏంది ఉస్తాద్, కాలు ఆకాశానికి సూపెడ్తున్నవ్, కొలత తీసుకొమ్మంటున్నవా?" అనేవాడు. "నీ నోరు కుట్టనీకి దారం సరిపోతలేదు గౌసూ, లేకుంటే ముందు అదే కుట్టేటోన్ని" అని ఉస్తాద్ కాలు ఎత్తి పెట్టుకునే జవాబిచ్చేవారు. నేనూ నవ్వేవాణ్ణి. కాలు దించగానే ఆయన చెయ్యి బీడీ కట్ట వైపు పోయేది. నేను తల తిప్పుకునేవాణ్ణి.

ఖాలాకు పుస్తకం ఒక్కటే చాలదనిపించింది. శామీర్‌పేటలో ఒక హకీం జలగలు పట్టించి చెడు నెత్తురు తీస్తాడని విని, గౌస్ ఎడ్లబండి మీద గడ్డి పరిపించి ఉస్తాద్‌ను ఎక్కించింది. నేనూ వెళ్లాను. హకీం ముసలాయన, మెత్తటి మనిషి. చెరువులో పట్టించిన జలగలను మట్టి గురిగిలో పెట్టుకుని ఉన్నాడు. వాటిని ఒక్కొక్కటిగా ఉస్తాద్ పాదం మీద ఉంచాడు.

"నొస్తుందా భాయ్?"

"నొస్తే మంచిగుండేది హకీం సాబ్. కరుస్తున్నదే తెలుస్తలేదు."

ఆ మాటకు ఖాలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హకీం ఉస్తాద్ భుజం తట్టి, ధైర్యం చెప్పడానికన్నట్టు హుక్కా తెప్పించాడు. ఇద్దరూ మార్చి మార్చి పీల్చారు. చీటీ నా చొక్కా జేబులో ఉంది. పెద్దలు హుక్కా పట్టినప్పుడు చిన్నవాళ్లు లేచి బయటికి పోవాలి. నేను లేచి బయటికి పోయాను. చెరువు కట్ట మీద నిలబడి, ఇప్పుడు లోపలికి వెళ్లి చదివేస్తాను, ఇప్పుడే వెళ్తాను అని అనుకుంటూ గౌస్ ఎడ్లు కట్టే దాకా అక్కడే ఉన్నాను.

కొన్నాళ్లు వేలు తేరుకున్నట్టే కనిపించింది. ఉస్తాద్ రంగు చూపించి, "నీ కితాబు గెలుస్తాంది మున్షీ" అన్నారు. నాకు అన్నం సహించలేదు. తర్వాత పక్క వేలు నల్లబడింది, ఆ తర్వాత పాదం సగం. దుకాణంలో ఊదుబత్తి వెలిగించినా ఆ వాసన పోయేది కాదు. వైద్యం మొదలుపెట్టిన రెండు నెలలకు లష్కర్ డాక్టరే కోశాడు, మోకాలి కింద జానెడు వదిలి.

ఇంటికి తెచ్చాక చూడటానికి వెళ్లాను. మంచం మీద పడుకుని ఉన్నారు. దుప్పటి ఒకవైపు పాదం దగ్గర ఎత్తుగా ఉంది, ఇంకోవైపు చదునుగా ఉంది. నన్ను చూసి నవ్వారు.

"డాక్టరు ఏమన్నడో ఎరికేనా? బీడీ బంద్ చెయ్యకుంటే ఆ రెండోది గూడ పోతదంట. గీ ముచ్చట నీ కితాబుల లేదా దానయ్యా?"

లేదు అనవచ్చు. ఆయనకు చదువు రాదు. నేను జేబులోంచి చీటీ తీసి మొదటి నుంచీ చదివాను. లావు అక్షరాల దగ్గర మళ్లీ ఆగాను. ఉస్తాద్ నా మొహమే చూస్తున్నారు.

"సదువు."

చదివాను.

వాకిట్లో బియ్యం చెరుగుతున్న ఖాలా చేట కింద పెట్టేసి లోపలికి వచ్చింది. "అరె దానయ్యా! నీ నోట్ల నాలుక లేదా? రెండు నెలలు జేబుల పెట్టుకోని తిరిగినవా?" అని నా మీదికి వచ్చి, కొట్టబోయిన చెయ్యి దించేసి ఏడ్చింది. 

ఉస్తాద్ ఆమె ఏడుపు ఆగేదాకా చూశారు. తర్వాత ఎప్పుడూ పని చెప్పే గొంతుతోనే అన్నారు.

"గిరాకీకి పొట్ట ఉంటది. చెప్తే ఏమనుకుంటడో అని నడుము రెండు ఇంచులు తక్కువ రాస్తవా?"

"రాయను ఉస్తాద్."

"రాస్తే ఎవని ప్యాంటు పిగులుతది?"

నేను చీటీని మంచం అంచున పెట్టాను.

"నువ్వు గూడ్సు షెడ్డు ఎనుక తాగొచ్చేది నాకు తెల్వదనుకున్నవా? నోట్లె సోంపు ఏసుకోని వస్తవు, దుకాణం అంత పెండ్లి లెక్క వాసన" అని, ఖాలాకు దిండు కింది బీడీ కట్ట అందించారు. "పొయ్యిల ఎయ్యి. వీనివి గూడ తీసుకో."

నా నడుము దగ్గర దోపుకున్న మూడు బీడీలు తీసి ఇచ్చాను. ఆ తర్వాత మేమిద్దరం మళ్లీ ముట్టలేదు. రెండో కాలు నిలిచింది. కమ్మరి చేత పెడల్ ఎడమకాలికి అనువుగా జరిపించుకుని, మొదట వంకర కుట్లు కుట్టి, వాటిని తిట్టుకుంటూ విప్పి, మళ్లీ కుట్టి, మూడు నెలల్లో పాత ఒడుపు తిరిగి తెచ్చుకున్నారు. శుక్రవారం నన్ను బొల్లారం పంపడం మానలేదు. శనివారం అడిగే ప్రశ్నకు మాత్రం ఒక మాట చేర్చారు. "నిన్న ఏం సదివినవ్? పూర్తిగ చెప్పు."

ఇవాళ మా కాలనీలో కోర్టు నోటీసు వచ్చినా, డాక్టరు రాసిన చీటీ వచ్చినా చదివిపెట్టమని నా దగ్గరికి తెస్తారు. చదవడానికి మనసొప్పని వాక్యం ప్రతి కాగితంలోనూ ఒకటి ఉంటుంది. అక్కడ ఆగుతాను. ఎదురుగా కూర్చున్నవాళ్లకు మంచినీళ్లు ఇస్తాను, తర్వాత చదువుతాను. ఇది ఆయన నేర్పిందే.

కాని నేను మోస్తున్నది అదొక్కటే కాదు. కాలు పోయాక దుకాణానికి వచ్చినవాళ్లంతా అడిగేవారు. ఏమైంది ఉస్తాద్, మీ మున్షీ ఏదో పుస్తకం చదివిండు గదా, పనిచెయ్యలేదా అని. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, నా వైపు చూడకుండా, ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేవారు: "కితాబు సక్కగనె చెప్పింది. పిల్లగాడు సక్కగనె సదివిండు. నేనే ఇనలే." కొలతలో దారమంత తేడా ఒప్పుకోని మనిషి బతికినన్నాళ్లూ నా కోసం ఆ మాట అన్నారు. పక్క మిషన్ దగ్గర కూర్చుని నేను దాన్ని దిద్దలేకపోయాను. ఇప్పుడు దిద్దుతున్నాను. పుస్తకం సరిగ్గానే చెప్పింది. ఉస్తాద్ సరిగ్గానే విన్నారు. నేనే చదవలేదు.