గుండెకు హత్తుకున్న వాలీబాల్

ఆ రోజుల్లో ఉద్యోగ దరఖాస్తులో ఏ గడీ ఖాళీగా వదలకూడదని మాకో గట్టి నమ్మకం. ‘ఆటలు’ అన్నచోట నేను ‘వాలీబాల్, కాలేజీ జట్టు’ అని రాసేశాను. (ఆ జట్టుకు స్కోరు రాసింది నేనే కనుక పూర్తి అబద్ధమేమీ కాదని మనసుకు సర్దిచెప్పుకున్నాను.) పినపాక దగ్గర బ్యాంకులో చేరిన రోజే మేనేజరుగారు సరిగ్గా ఆ గడి మీదే వేలు పెట్టారు. సైన్యంలో పదిహేనేళ్లు చేసి బ్యాంకుకొచ్చిన వైరా మనిషి, అందరికీ మిలటరీ సార్. “దేవుడు పంపినట్టొచ్చినవ్ తమ్మీ! ఆదివారం గూడెం పోరగాళ్లతోటి మ్యాచుంది. ఆరో మనిషి దొరుకుతలేడు” అన్నారు. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి, అబద్ధం బయటపడితే ఉద్యోగం ఊడుతుందని ఆదివారం దాకా అన్నం సయించలేదు.

గూడెం కుర్రాళ్లు చెప్పుల్లేకుండానే గాల్లోకి లేచి కొడుతుంటే, మేం కొత్త బూట్లతో నేలకు అతుక్కుపోయాం. అయినా సార్ పుణ్యమా అని ఆట చివరిదాకా సమంగానే నడిచింది. ఆఖరి పాయింటుకి బంతి సరాసరి నా మీదికే వచ్చింది. ముక్కు కాపాడుకోవాలన్న ఒక్క ఆలోచనతో రెండు చేతులా పట్టుకుని గుండెకు హత్తుకున్నాను. గూడెం కెప్టెన్ నెట్ దగ్గరికొచ్చి, “సారూ, బాలిస్తరా, ఇంటికి తీస్కపోతరా?” అని ఎంతో మర్యాదగా అడిగాడు.

అందరూ వెళ్లాక చేతులు కట్టుకుని ఒప్పేసుకున్నాను. “నాకు ఆట రాదు సార్. దరఖాస్తుల అబద్ధం రాసిన.” సార్ బూట్ల లేసులు విప్పుకుంటూ, “నేను ఫౌజుల చేరేటప్పుడు ఈతొచ్చని చెప్పిన. అంత పెద్ద చెరువున్న వైరాల పుట్టినోనికి ఈత రాదంటే నామోషీ గద! నీళ్లల్ల దింపంగనే బుడుంగున మునిగిన. పట్టుకునేటందుకు జుట్టు గూడ లేకపాయె, ఉస్తాద్ చెవి వట్టి బయటికి గుంజిండు. ఇంటికి పంపలే, ఈత నేర్పిండు. రేపు పొద్దున అయిదింటికి రా” అన్నారు.

అలా ఆయన బదిలీ అయ్యేదాకా, మూడేళ్లు, రోజూ పొద్దున్నే మైదానమే. నాకు సర్వీసు వచ్చింది, స్మాష్ మాత్రం ఇప్పటికీ రాలేదు. వేలు బెణికితే కట్టు కట్టిందీ, నా ఉద్యోగం ఖాయం చెయ్యమని పైకి రాసిందీ ఆయనే. పోయిన నెల సార్ ఖమ్మంలో కన్నుమూశారు. ఆయనకు నేను ఎంత రుణపడ్డానో ఎదురుగా ఒక్కసారీ చెప్పలేకపోయాను. రిటైరయ్యాక కూడా నాకు అయిదింటికే మెలకువ వస్తుంది. మోకాళ్లు రుద్దుకుంటూ అరుగు మీద కూర్చుని, ఆ అబద్ధాలకోరు కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. వాడు నిజం రాసినా ఉద్యోగం ఎలాగూ వచ్చేదే. ఆ మూడేళ్ల ఉదయాలు మాత్రం దక్కేవి కావు.