నోట అంకె పలకని షూరియె బాబాయ్

మా షూరియె బాబాయ్ నోటి వెంట అంకె రాదు. మాటలు వస్తాయి, తిట్లు వస్తాయి, దువాలు, దీవెనలు వస్తాయి. ఎవరి ఒంటె ఎవరి తోటలో పడి మేసిందో ఆ కథంతా తానా నది అవతలి ఒడ్డు దాకా వినిపించేలా చెబుతాడు. ఒకటీ రెండూ మూడూ మాత్రం రావు. "ఎంత?" అని అడిగారా, భుజం మీది శాలువా తీసి మీ చేతి మీద కప్పి, దాని కింద మీ వేళ్ళు పట్టుకుని నొక్కుతాడు. అర్థమైతే మీ అదృష్టం. కాకపోతే ఆయన తప్పు కాదు.

మా ఊరు గరిస్సా పశువుల సంతలో దళారులందరూ బేరం చేసేది అలాగే, అందులో వింతేం లేదు. గుడ్డ కింద కొనేవాడి చెయ్యి, దళారి చెయ్యి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, అరచెయ్యి మొత్తం పట్టుకుంటే ఐదు, వేలు మడిచి నొక్కితే అర. పక్కనే నిలబడి మెడ సాచి చూసేవాడికి శాలువా కదలడం తప్ప ఏమీ తెలియదు. కానీ మిగతా దళారులు సంత గేటు దాటగానే మామూలు మనుషులైపోతారు. మా బాబాయ్ కాడు. టీ కొట్టులో చక్కెర ఎన్ని చెంచాలో కూడా వేళ్ళతోనే చెబుతాడు. కొట్టువాడికి చేతులు ఖాళీ లేక, ఆయనకి ఎప్పుడూ చప్పటి టీయే పోసేవాడు.

జనాభా లెక్కలకి వచ్చిన గుమాస్తా పాపం ఊరికి కొత్త.

"ఇంట్లో ఎంతమంది పెద్దాయనా?"

"చెయ్యి ఇలా ఇవ్వు నాయనా."

ముసలాయన గుడ్డ కప్పి తన వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతుంటే గుమాస్తా దాన్ని జోస్యం అనుకున్నాడు. సిగ్గుపడుతూ, "నాకు పెళ్ళెప్పుడవుతుంది?" అని అడిగాడు. బాబాయ్ ఏమాత్రం తడుముకోకుండా మూడు వేళ్ళు నొక్కాడు. మూడు నెలలో, మూడేళ్ళో ఆ గుమాస్తాకి చివరిదాకా తెలియలేదు.

ఇక ఆయన నిఖా సంగతి బతూల పిన్ని చెబితేనే వినాలి. పెళ్ళికూతురికి ఇచ్చే మెహర్ సొమ్ము ఎంతో సాక్షుల ముందు పైకి చెప్పాలి కదా. ఖాజీ అడిగితే ఈయన ఖాజీ చెయ్యి పట్టుకున్నాడట. ఖాజీ సాక్షుల వైపు చూశాడు. సాక్షులు వరసగా వచ్చి శాలువా కింద చెయ్యి పెట్టి, తలూపి వెళ్ళారట.

"పెళ్ళికొచ్చిన మగాళ్ళందరికీ నా మెహర్ తెలుసు. నాకు తప్ప," అనేది పిన్ని. "పోనీ సంపాదన ఏమన్నా తెస్తాడా అంటే అదీ లేదు. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా సంతలో అమ్ముతూనే ఉంటాడు. ఇంటికొచ్చేసరికి చేతిలో వేళ్ళు తప్ప ఇంకేం ఉండవు."

ఆడవాళ్ళు మేకలు అమ్ముకోవడానికి వస్తే మాత్రం చెయ్యి పట్టుకోడు, తప్పు కదా. మేక మెడకి కట్టిన తాడు కొస ఆమె చేతికిచ్చి, ఇవతలి నుంచి తను లాగేవాడు. ఒక లాగుడు ఒక వెయ్యి. మధ్యలో మేక తన ఇష్టం వచ్చినట్టు లాగిందంటే లెక్క మళ్ళీ మొదటికి వచ్చేది. ఇంత గందరగోళం పెట్టుకుని ఈయనకి బేరాలెవరిస్తారా అని నేను బుర్ర బద్దలు కొట్టుకునేవాణ్ణి. ఆశ్చర్యం ఏమిటంటే బక్క మేకలు, కుంటి గొర్రెలు తోలుకొచ్చే వాళ్ళందరూ ఈయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

అలాంటి మనిషిని తీసుకొచ్చి రేడియోలో ధరలు చెప్పించాలనుకున్నారు.

నేను మా ఊరి చిన్న రేడియోలో మాట్లాడేవాణ్ణి. నా పేరు హిర్సి, నా గొంతు బావుంటుందని ఊరంతా అంటారు, నేనూ కాదనను. రోజూ సాయంత్రం నమాజయ్యాక ఆ రోజు మేక ఎంత, గొర్రె ఎంత, ఒంటె ఎంత, మొక్కజొన్న బస్తా ఎంత అని చెప్పాలని మా మేనేజరు కొరానె గారికి బుద్ధి పుట్టింది. దూరాన మందలు కాసుకునేవాళ్ళు ధర తెలియక మోసపోకుండా ఉంటారని ఆయన ఆలోచన. మంచి ఆలోచనే.

"దళారులు మనకి నోరు విప్పరు హిర్సీ. షూరియెకైతే అందరి వేళ్ళూ తెలుసు. ఆయన్ని పిలు."

"ఆయన నోరు అసలే విప్పడండీ."

"మైకు చూస్తే ఎవడైనా విప్పుతాడు."

మొదటి రోజు బాబాయ్ గడ్డానికి గోరింటాకు పెట్టుకుని, పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని, పెళ్ళికొడుకులా వచ్చి కూర్చున్నాడు. "ఇవాళ మేక ఎంత పలికింది బాబాయ్?" అన్నాను. ఆయన ఆప్యాయంగా మైకు మీద శాలువా కప్పి, దాని మెడ పట్టుకుని నొక్కాడు. ఊళ్ళో రేడియోలన్నీ మూగబోయాయి. జనం రేడియోలు చెడిపోయాయనుకుని చరిచారు, కుదిపారు, కొత్త బ్యాటరీలు కొన్నారు.

రెండో రోజు నుంచి ఇంకో పద్ధతి పెట్టాం. శాలువా కింద ఆయన నా చెయ్యి నొక్కుతాడు, నేను పైకి చెబుతాను. నాలుగు రోజులు మేకలు, గొర్రెల ధరలతో బాగానే సాగింది. ఐదో రోజు నేను ఖంగుమనే గొంతుతో, "ఒంటె, ఏడు వేల షిల్లింగులు," అని చెప్పాను. తెల్లారేసరికి ఒంటెలు కొంటామని మూడు లారీల జనం దిగారు.

"బాబాయ్! నువ్వు నొక్కింది ఏడే కదా!"

"అవును."

"మరి సంతలో డెబ్భై వేలంటున్నారు?"

"అవే వేళ్ళు మేకకి పట్టుకుంటే అది మేక ధర. ఒంటెకి పట్టుకుంటే ఒంటె ధర. పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. నీకు గొంతే గానీ బుర్ర లేదురా."

మేక బేరంలో వేలంటే వెయ్యి, ఒంటె బేరంలో పది వేలన్నమాట. లారీల వాళ్ళు రేడియో గది కిటికీ పగలగొట్టి పోయారు. కొరానె గారు వేళ్ళ వ్యవహారం ఆపమన్నారు. "కొన్నవాళ్ళనే అడిగి నిజం ధర చెప్పు," అని ఆజ్ఞాపించారు.

అప్పటికి వానలు మొహం చాటేశాయి. గడ్డి మోపు ధర రోజురోజుకీ పెరుగుతోంది, మేకల ధర రోజురోజుకీ పడుతోంది. సంతకి వచ్చే మేకల పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. ఒక రోజు పెద్ద వ్యాపారి యారో, మా బాబాయ్ ద్వారా రెండు మేకలు కొన్నాడు. అవి దహబో అత్తవి. నేను యారోని పక్కకి పిలిచి అడిగాను.

"ఒక్కోటి రెండు వేలు," అన్నాడు యారో మీసం దువ్వుతూ. "ఎముకలకి అంతకన్నా ఎవడిస్తాడు? షూరియె శాలువా కింద నా చెయ్యి విరిచేశాడనుకో. నేను కదిలితేనా!"

ఆ సాయంత్రం ఎవరి వేళ్ళ సాయమూ లేకుండా, "మేక, రెండు వేలు," అని చెప్పి, మొదటిసారి నా అంతట నేనే సరైన ధర చెప్పానని హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే దహబో అత్త రేడియో గదికి వచ్చింది. మొగుడు పోయిన మనిషి, ఉన్నవి ఆరు మేకలు, వాటి పాలతోనే బతుకు. పొరుగువాళ్ళు గిన్నెడు పాలిస్తే ఆ గిన్నెలో ఏదో ఒకటి పెట్టి గానీ తిరిగి పంపేది కాదు. ఊరికే వచ్చింది ముట్టుకోదు. రెండు మేకలు అమ్మి, ఆ డబ్బుతో మిగతా నాలుగింటికి వానలొచ్చేదాకా గడ్డి కొనాలని ఆమె లెక్క.

"రేడియోలో రెండు వేలన్నావు," అంది. "నా చేతికి ఒక్కోదానికి నాలుగు వేలు వచ్చాయి. పరాయి డబ్బు నా కొంగులోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఎవరిదో చూసి ఇచ్చేయ్."

"మరి గడ్డి అత్తా?"

"మిగతావి కూడా ఇవాళే అమ్మేస్తాను. చెల్లెలింటికి పోయి అంట్లు తోముకుంటాను."

నాకు బుర్ర తిరిగిపోయింది. యారో ఇచ్చింది రెండు, ఈమెకి చేరింది నాలుగు. యారో అబద్ధమాడాడా? తక్కువకి కొన్నానని గొప్పలు చెప్పుకుంటాడు గానీ ఎక్కువిచ్చి దాచుకునే రకం కాదు. మధ్యలో ఉన్నది బాబాయ్ ఒక్కడే. శాలువా కింద ఒక ధర, తాడు మీద ఇంకో ధర, తేడా ఆయన జేబులోది. నోటితో చెప్పే అలవాటే ఉంటే ఈ రెండూ ఏనాడో ఒకదానికొకటి ఎదురుపడేవి. బక్క మేకల వాళ్ళంతా ఆయన దగ్గరికే ఎందుకు పోతారో, బతూల పిన్ని ఎందుకు మొత్తుకుంటుందో అప్పుడు తెలిసింది. తెలిసి, నా ఖంగుమనే గొంతు మీద నాకే అసహ్యం వేసింది.

దహబో రేడియో గదికి వెళ్ళిందని ఎవరు చెప్పారో, బాబాయ్ ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి పిన్ని చెప్పు వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనకే తన చెప్పు కోసం పిన్ని.

"షూరియె అన్నయ్యా," అంది దహబో అత్త. "నా మేకకి యారో ఎంతిచ్చాడు?"

బాబాయ్ తాడు కోసం అటూ ఇటూ చూశాడు. మేక లేదు, తాడూ లేదు. మైకు తీగ కనిపిస్తే దాని కొస పీకి ఆమె చేతిలో పెట్టబోయాడు.

"తాళ్ళొద్దు, తీగలొద్దు. నోటితో చెప్పు. చెప్పలేదంటే నువ్వు నాకు దానం చేశావన్నమాట. దానమే అయితే ఇదిగో నీ డబ్బు. మళ్ళీ నా గడప తొక్కకు."

బాబాయ్ నుదుటి మీద చెమట పట్టింది. నోట్లోని పళ్ళపుల్ల తీసి జేబులో పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"నా... నాలుగు," అన్నాడు. ఆ మాట ఆయన గొంతులోంచి తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంటూ వచ్చింది. "నాలుగు వేలు. యారో ఇచ్చాడు. నాలుగు వేలే ఇచ్చాడు."

"నేనే తప్పు విన్నాను అత్తా," అన్నాను నేనూ గబగబా.

దహబో అత్త నా వైపు చూడనైనా లేదు. నా మాట ఎవరిక్కావాలి? షూరియె నోట అంకె పలికింది. ఊళ్ళో ఎవరూ వినని వింత. అది నిజం కాకుండా ఎలా ఉంటుంది? ఆమె డబ్బు తిరిగి కొంగున ముడేసుకుని, "అల్లా నీ నోరు చల్లగా చూడనీ అన్నయ్యా," అని గడ్డి అంగడి వైపు వెళ్ళిపోయింది.

బాబాయ్ అక్కడే కూలబడ్డాడు.

"అసలు యారో ఎంతిచ్చాడు బాబాయ్?" అన్నాను మెల్లగా.

ఆయన శాలువా నా చేతి మీద కప్పి, రెండు వేళ్ళు నొక్కాడు.

"ఇన్నేళ్ళ కాపురంలో ఈయన నోట మొదటిసారి అంకె విన్నానురా," అంది బతూల పిన్ని, నా మొహం చూసే సంగతంతా గ్రహించి. "అదీ పచ్చి అబద్ధం!"

అని మొత్తుకుంటూనే వంగి, శాలువా కొసతో ఆయన నుదుటి చెమట తుడిచి, ఆయన కాలి నుంచి తన చెప్పు లాక్కుంది.